మందు ఉంది, రోగిని వెతికే డబ్బేది?

హెపటైటిస్-సి సోకినవారిని గుర్తించడానికి, నయం చేయడానికి, కొత్తవారికి సోకకుండా ఆపడానికి ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి? ఒకే ఇంటి ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఈ ప్రశ్న మీద సాగిన వాదన ఇది. వదిన రాష్ట్ర ఆర్థిక శాఖలో పద్దులు పరిశీలించే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆవిడ ఆడపడుచు కోస్తాలో ఒక జిల్లా ప్రభుత్వాసుపత్రిలో ఫిజీషియన్.

వదిన: జులై 28, ప్రపంచ హెపటైటిస్ దినం వచ్చిందంటే మీ శాఖ ర్యాలీలు తీస్తుంది, బ్యానర్లు కడుతుంది, ఊరందరికీ పరీక్షలు చేయాలంటుంది. నేనొక లెక్క చెబుతాను విను. నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తీసిన రక్త నమూనాలను పరీక్షిస్తే, దేశంలో హెపటైటిస్-సి యాంటీబాడీ ఉన్నవాళ్లు 0.32 శాతమని తేలింది. అంటే వెయ్యి మందిలో ముగ్గురు. ఆ ముగ్గురి కోసం మిగతా 997 మంది వేళ్లకు సూది గుచ్చడానికి ఖజానా డబ్బులివ్వాలా? అదే డబ్బు క్షయకు పెట్టినా, రక్తహీనతతో ఉన్న గర్భిణులకు పెట్టినా మేలు కళ్లెదుట కనిపిస్తుంది.

డాక్టరు: శాతం చిన్నదే వదినా, దేశం చిన్నది కాదుగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో హెపటైటిస్-సి ఉన్నవాళ్లు దాదాపు 55 లక్షల మంది. ప్రపంచం మొత్తంలో 5 కోట్లు. పాకిస్తాన్ తర్వాత ఎక్కువమంది ఉన్నది మన దగ్గరే. ఇక ఆ మేలు కనిపించడమంటారా, ఈ జబ్బే కంటికి కనిపించదు. వైరస్ సోకినవాళ్లలో సుమారు 30 శాతం మందికి ఆరు నెలల్లో దానంతటదే పోతుంది. మిగతావాళ్లలో ఉండిపోతుంది. కళ్లు పచ్చబడవు, జ్వరం రాదు. ఆ మనిషి పొలానికి వెళ్తాడు, పెళ్లి చేసుకుంటాడు, పిల్లల్ని చదివించుకుంటాడు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి వాళ్లలో 15 నుంచి 30 శాతం మందికి కాలేయం గట్టిపడి సిర్రోసిస్ వస్తుంది. పొట్టలో నీరు చేరాకో, నెత్తురు కక్కుకున్నాకో నా వార్డుకు వస్తారు. అప్పుడు వైరస్‌ను చంపగలను గానీ, గట్టిపడ్డ కాలేయాన్ని మునుపటిలా చేయలేను. వైరస్ పోయినా క్యాన్సర్ భయం ఉంటుంది కాబట్టి ఆర్నెల్లకోసారి స్కానింగ్ తప్పదు.

వదిన: జబ్బు చిన్నదని నేననలేదు. ప్రభుత్వం ఏమీ చేయడం లేదన్నట్టు మాట్లాడకు, అది నేనొప్పుకోను. 2018 జులై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. పరీక్ష ఉచితం, మందు ఉచితం. కేంద్రం, రాష్ట్రం కలిసి భరిస్తున్నాయి. ఇంకా ఏం కావాలి?

డాక్టరు: ఆ మందు మన దాకా ఎలా వచ్చిందో ఒకసారి చూడండి, ఇంకా ఏం కావాలో తెలుస్తుంది. 1989లో ఈ వైరస్‌ను గుర్తించారు. దానిమీద పనిచేసిన హార్వే ఆల్టర్, మైకేల్ హాటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ వచ్చింది. చాలాకాలం వైద్యమంటే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లే. దాదాపు ఏడాది పాటు జ్వరాలు, నీరసం, మానసికంగా కుంగిపోవడం, అంత బాధపడ్డా చాలామందికి నయమయ్యేది కాదు. 2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్బువిర్ మాత్ర వచ్చింది. రోజుకొక మాత్ర, మాత్ర ధర వెయ్యి డాలర్లు. పన్నెండు వారాలకు 84 వేల డాలర్లు. అప్పటి మారకంలో యాభై లక్షల రూపాయల పైమాట. 2014 సెప్టెంబరులో గిలియడ్ సంస్థ భారత కంపెనీలకు లైసెన్సులిచ్చింది. మొదటి ఏడు కంపెనీల్లో మన హైదరాబాద్ హెటెరో ఒకటి. హైదరాబాద్‌దే అయిన నాట్కో ఆ మందు పేటెంట్‌ను వ్యతిరేకిస్తూ పోరాడి, 2015లో తానూ లైసెన్సు తీసుకుంది. అదే ఏడాది నాట్కో మాత్రల సీసా, 28 మాత్రలది, 19,900 రూపాయలకు బజార్లోకి వచ్చింది. కంపెనీల మధ్య పోటీతో ధర ఇంకా దిగింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితం. ఇంకో మందుతో కలిపి పన్నెండు వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. ఇంత మంచి మందు మనూళ్లోనే తయారవుతోంది. అది చేరాల్సిన మనిషి మాత్రం తనకు జబ్బుందని తెలియక ఊళ్లో తిరుగుతున్నాడు. కావాల్సింది మందుకు డబ్బు కాదు వదినా, మనిషిని వెతకడానికి డబ్బు.

వదిన: వెతకడమంటే మళ్లీ ఊరందరికీ పరీక్షలేగా? ఈజిప్టు కథ చెప్పబోతున్నావు, నాకు తెలుసు. 2018 అక్టోబరు నుంచి 2019 ఏప్రిల్ వరకు దాదాపు 5 కోట్ల మందిని పరీక్షించారు. 22 లక్షల మందికి పాజిటివ్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆ దేశంలో జబ్బు 10 శాతం నుంచి 0.38కి దిగింది. బ్రహ్మాండమే, కాదనను. కానీ అక్కడ జబ్బు పదో వంతు జనంలో ఉంది. ఎవరి తలుపు తట్టినా దొరికేవాళ్లు. వాళ్లు ఇన్నేళ్లు పోరాడి చేరిన చోటికి మనం సర్వే లెక్కలో ఎప్పుడో చేరి ఉన్నాం. పైగా అక్కడ ఆ జబ్బును పెంచింది ప్రభుత్వ కార్యక్రమమే. 1950ల నుంచి బిల్హార్జియా పురుగు జబ్బుకు ఊరూరా ఇంజెక్షన్లు వేశారు, గాజు సిరంజిలు సరిగా ఉడకబెట్టకుండా ఒకరి తర్వాత ఒకరికి వాడారు. అక్కడి ప్రభుత్వానికి ఆ ఖర్చు ఒక బాధ్యత. మనకు ఆ పరిస్థితి లేదు.

డాక్టరు: ఈజిప్టులాగా ఊరందరికీ చేయమని నేనూ అనను. మీరు చెప్పిన వెయ్యికి ముగ్గురు అన్న లెక్కే నాకు ఆధారం. నూటికి ఒక తప్పు చూపించే కిట్టు వాడామనుకోండి. వెయ్యి మందిని పరీక్షిస్తే నిజంగా యాంటీబాడీ ఉన్నవాళ్లు ముగ్గురు, తప్పుగా పాజిటివ్ వచ్చేవాళ్లు పదిమంది. ఆ పదమూడు ఇళ్లలో భయం పెట్టి, ముగ్గురికి పని చేశామంటాం. అది మంచి వైద్యం కాదు. అయితే సూదీ నెత్తురూ ఎక్కువగా తగిలినవాళ్లలో ఈ లెక్క పూర్తిగా మారిపోతుంది. డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లు, తలసీమియా పిల్లలు, జైళ్లలో ఉన్నవాళ్లు, మత్తుమందు సూదితో ఎక్కించుకునేవాళ్లు, 2001కి ముందు రక్తం ఎక్కించుకున్నవాళ్లు. ఆ ఏడాదే మన బ్లడ్ బ్యాంకుల్లో హెపటైటిస్-సి పరీక్ష తప్పనిసరి అయింది. అంతకుముందు డబ్బుకు రక్తం అమ్ముకునేవాళ్లుండేవారు. సుప్రీంకోర్టు 1996లో తీర్పిస్తే, 1998 నుంచి అది ఆగింది. 1980ల్లో, 90ల్లో పెద్దాపరేషన్ చేయించుకుని రక్తం ఎక్కించుకున్న ఆడవాళ్లు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లవాళ్లు. వాళ్లను ఎవరైనా పిలిచి అడిగారా?

వదిన: ఇది కొంచెం దారిలోకి వచ్చింది. అయినా నా అసలు అభ్యంతరం వేరే ఉంది. నేను కూర్చున్న కుర్చీలోంచి చూశాను. మార్చి వచ్చేసరికి నిధులు మురిగిపోతాయని కంగారుగా ఇండెంట్లు పెడతారు. కిట్లు వస్తాయి, స్టోర్లో గడువు దాటుతాయి. వినియోగ ధ్రువపత్రంలో మాత్రం అన్నీ ఖర్చయినట్టే. ఎన్ని కిట్లు కొన్నారని అడిగితే వెంటనే చెబుతారు, ఎంతమందికి నయమైందని అడిగితే ఫైలు కదలదు. ఇంకా డబ్బు పోస్తే ఏం జరుగుతుంది? కిట్లు పెరుగుతాయి.

డాక్టరు: మీరు చూసింది నేను ఆస్పత్రి వైపు నుంచి చూస్తాను. ఇంకో మాట చెబుతాను, ఇది మీ శాఖ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోనిది. పరీక్షలు ఇప్పటికే జరుగుతున్నాయి. ప్రభుత్వ డబ్బుతో కొన్ని, జనం సొంత డబ్బుతో చాలా. ప్రైవేటు ఆస్పత్రిలో ఏ ఆపరేషన్‌కైనా ముందు వైరల్ మార్కర్స్ అని హెచ్ఐవీ, హెపటైటిస్-బి, సి చేస్తారు. రక్తదానం చేసిన ప్రతి సీసాకూ చేస్తారు. గల్ఫ్ వెళ్లేవాళ్లకు మెడికల్‌లో చేస్తారు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి ఎంతమంది వెళ్తారో మీకు తెలుసు. అక్కడ పాజిటివ్ వస్తే ‘అన్‌ఫిట్’ అని కాగితం చేతికిస్తారు. ఏజెంటుకు కట్టిన డబ్బు పోయిందని ఆ కుర్రాడు ఏడుస్తూ ఇంటికెళ్తాడు. జిల్లా ఆస్పత్రిలో ఉచితంగా మందుంటుందని, మూడు నెలల్లో నయమవుతుందని ఆ మెడికల్ సెంటర్లో అతనికి చెప్పే బాధ్యత ఎవరి మీదా లేదు. రోగి దొరికాడు వదినా, దొరికినవాణ్ని మనం వదిలేశాం.

వదిన: అంటే పరీక్షకు కాదు, పరీక్ష తర్వాత జరగాల్సిన పనికి డబ్బడుగుతున్నావు.

డాక్టరు: ముందు దానికి. మామూలు కిట్టు యాంటీబాడీని మాత్రమే చూపిస్తుంది. ఆ యాంటీబాడీ జబ్బు తగ్గినా ఒంట్లో ఏళ్లతరబడి ఉంటుంది. వైరస్ ఇప్పుడుందా లేదా అన్నది వైరల్ లోడ్ పరీక్షలోనే తేలుతుంది. ‘మీకు పాజిటివ్ వచ్చింది, వచ్చే మంగళవారం పెద్దాసుపత్రికి వెళ్లండి’ అంటే కూలి మానుకుని ఎంతమంది వెళ్తారు? మొదటిసారి తీసిన రక్తంలోంచే రెండో పరీక్ష కూడా చేసేస్తే ఆ మనిషి జారిపోడు. దానికి నమూనా చల్లగా ల్యాబుకు చేరాలి, ఒక టెక్నీషియన్ ఉండాలి. యంత్రాలున్నాయి. క్షయకు, కొవిడ్‌కు కొన్న ట్రూనాట్, జీన్ఎక్స్‌పర్ట్ యంత్రాల్లోనే హెపటైటిస్-సి పరీక్ష కూడా చేయొచ్చు. పంజాబ్ చూడండి. 2016 జూన్‌లో ఆ రాష్ట్రం ముఖ్యమంత్రి హెపటైటిస్-సి సహాయ నిధి పెట్టింది. రోగులందర్నీ చండీగఢ్ పీజీఐ ఆస్పత్రికి తోలకుండా, 22 జిల్లా ఆస్పత్రుల్లోనూ మూడు మెడికల్ కాలేజీల్లోనూ మామూలు ఫిజీషియన్లకే శిక్షణ ఇచ్చి మందు ఇప్పించారు. సందేహం వస్తే పీజీఐ నిపుణులు తెర మీద సలహా ఇచ్చారు. వేలాదిమందికి వైద్యం జరిగితే నూటికి తొంభై మందికి పైగా నయమైంది. స్పెషలిస్టు లేని చోట వైద్యం కుదరదన్న మాట అక్కడ వీగిపోయింది. జాతీయ కార్యక్రమం రావడానికి రెండేళ్ల ముందే ఒక రాష్ట్రం తన డబ్బుతో ఆ పని చేసింది.

వదిన: పంజాబ్‌లో జబ్బెక్కువ, రాజకీయంగానూ ఒత్తిడి ఉంది. మనకు ఏం ఒత్తిడి ఉంది చెప్పు? ఉద్దానంలో కిడ్నీలు పోతుంటే జనం రోడ్డెక్కారు, డయాలసిస్ సెంటర్లు వచ్చాయి. కాలేయం పోయినవాళ్లు ఎక్కడా గుంపుగా కనిపించరు.

డాక్టరు: ఉద్దానం పేరెత్తారు కాబట్టి అడుగుతున్నాను. కిడ్నీ పోయిన మనిషి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వస్తాడు. వచ్చిన ప్రతిసారీ అతని నెత్తురు ఒంట్లోంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్తుంది. గ్లవ్స్ మార్చకపోయినా, ఒకే హెపారిన్ సీసాలోంచి పదిమందికి తీసినా, మంచం తుడవకపోయినా ఒకరి వైరస్ ఇంకొకరికి అంటుకుంటుంది. కిడ్నీ జబ్బుకు డబ్బు పెట్టిన ప్రభుత్వమే, అదే మంచం మీద అతనికి కాలేయం జబ్బు అంటకుండా చూడాలా వద్దా? క్రమం తప్పకుండా పరీక్ష, తగినంతమంది నర్సులు, మనిషి మనిషికీ కొత్త గ్లవ్స్. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు కూడా ఇప్పుడు ఈ మాత్రలు ఇవ్వొచ్చు. సెంటర్ తెరిచిన రోజు రిబ్బను కత్తిరించి, గ్లవ్స్ పద్దు దగ్గర చేయి బిగపట్టడం న్యాయం కాదు.

వదిన: ఒప్పుకుంటాను. నివారణ మాట వచ్చింది కాబట్టి, నన్నడిగితే మొత్తం డబ్బు అక్కడే పెట్టాలి. దీనికి టీకా లేదు. నయమైనవాడికి రక్షణ ఏమీ రాదు, మళ్లీ సోకొచ్చు. కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టు ఎన్నాళ్లు మందిస్తారు? మనూళ్లలో జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి ‘ఓ సూదెయ్యండి’ అంటారు. నీరసమంటే సెలైన్ పెట్టమంటారు. 2009లో గుజరాత్‌లోని మోడాసాలో వాడిన సిరంజిలే మళ్లీ వాడి, హెపటైటిస్-బి అంటించి, పదులకొద్దీ మనుషుల్ని చంపారు. ముందు దాన్నాపండి.

డాక్టరు: ఆపాలి. 2000ల మొదట్లో దేశమంతా చేసిన అధ్యయనంలో మనవాళ్లు వేసే ఇంజెక్షన్లలో సగానికి పైగా సురక్షితం కావని తేలింది. ఒకసారి వాడాక మళ్లీ పనిచేయకుండా తాళం పడే సిరంజిలున్నాయి, వాటిని ప్రభుత్వం తన ఆస్పత్రుల్లో వాడి, ప్రైవేటుకూ తప్పనిసరి చేయాలి. మాత్రతో తగ్గేదానికి సూదెందుకని జనానికి చెప్పే పని ఆశా కార్యకర్తకు అప్పగించి, దానికి పారితోషికం ఇవ్వాలి. కానీ నివారణకు మందుకు మధ్య గోడ కట్టకండి వదినా. వైరస్ ఉన్న మనిషికి నయమైతే అతని నెత్తురు ఇంకెవరికీ ప్రమాదం కాదు. ఈ జబ్బులో వైద్యం కూడా నివారణే.

వదిన: మరి సూదితో మత్తు ఎక్కించుకునేవాళ్ల మాటేమిటి? వాళ్లకు ప్రభుత్వం శుభ్రమైన సూదులు పంచుతుందట. కష్టపడి కట్టిన పన్నుతో మత్తుకు సూదులివ్వడమేమిటని జనం అడిగితే ఏం చెబుతావు?

డాక్టరు: అడగనివ్వండి, సూటిగానే చెబుతాను. 2019లో వచ్చిన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో అలా ఎక్కించుకునేవాళ్లు దాదాపు ఎనిమిదిన్నర లక్షలమంది. సూది ఇవ్వకపోతే వాళ్లు మత్తు మానరు, ఒకే సూదిని నలుగురు పంచుకుంటారు. ఆ నలుగురికీ భార్యలు, పిల్లలు ఉంటారు. వాళ్లలో ఒకడు రేపు రక్తం ఇస్తాడు. శుభ్రమైన సూదిని, మత్తు మాన్పించే బుప్రెనార్ఫిన్ మాత్రను ఒకే గదిలో ఇస్తే అతను ఆ గదికి వస్తూ ఉంటాడు. వచ్చినవాణ్ని పరీక్షించొచ్చు, నయం చేయొచ్చు. నా దగ్గరికొచ్చిన రోగి మంచివాడా కాదా అని చూసి మందిచ్చే చదువు నేను చదవలేదు.

వదిన: నీ మాటలో దయ ఉంది, దానికి నేను అడ్డుపడను. కానీ ఒక భయం చెప్పాలి. పాజిటివ్ అని పేరు పడితే మనుషుల్ని ఎలా చూస్తారో చూశాను. కంచం వేరు పెడతారు. పెళ్లి సంబంధం తప్పిపోతుంది. ఆపరేషన్ చేయమని ఆస్పత్రులే తిప్పి పంపేస్తాయి. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు 2017 చట్టం కొంత అండ ఇచ్చింది. వీళ్లకు అదీ లేదు. ఆ అండ లేకుండా వెతికి వెతికి పరీక్షలు చేయడం వాళ్లకు మేలా, కీడా?

డాక్టరు: ఇది మీరు వేసిన అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. కంచంతో, కౌగిలితో, దగ్గుతో ఇది అంటదు. నెత్తురుతోనే అంటుతుంది. అయినా ఆ భయం నిజం. హెచ్ఐవీ వాళ్లకున్నలాంటి గోప్యత, వైద్యం నిరాకరించకూడదన్న నియమం వీళ్లకూ చట్టంలో రావాలి. చట్టానికి ఖర్చు కూడా పెద్దగా ఉండదు. కానీ చట్టం వచ్చేదాకా వెతకడం ఆపితే, ఆ లోపల కాలేయం ఆగదుగా. పరీక్షకు ముందు చెప్పి ఒప్పించడం, ఫలితం చెవిన మాత్రమే వేయడం, అదే రోజు మందు దాకా తీసుకెళ్లడం ఇవాళే చేయొచ్చు. మూడు నెలల్లో వైరస్ పోతే ఆ పేరు పడే కాలం కూడా తగ్గుతుంది.

వదిన: సరే, ఆర్థిక శాఖ మనిషిగా చివరి మాట. ప్రభుత్వం ఈ ఖర్చు ఎగ్గొట్టినా ఖర్చు పోదని నాకూ తెలుసు, వాయిదా పడుతుందంతే. ఇవాళ మాత్రకు కాని ఖర్చు రేపు ఐసీయూకు అవుతుంది. కాలేయ మార్పిడికి ప్రైవేటులో ఇరవై లక్షల పైమాట. అది కొంత ఆరోగ్య పథకాల మీద పడుతుంది, మిగతాది ఆ ఇంటి పొలం మీద పడుతుంది. కాబట్టి డబ్బివ్వమంటాను, కానీ షరతు మీద. కిట్ల లెక్క మీద నిధులు విడుదల చేయొద్దు, నయమైనవాళ్ల లెక్క మీద చేయండి.

డాక్టరు: అక్కడ జాగ్రత్త వదినా. నయమైన తలకు ఇంత అని పెడితే సులువైన రోగినే చేర్చుకుంటారు. సిర్రోసిస్ ముదిరినవాణ్ని, మత్తు అలవాటున్నవాణ్ని గుమ్మంలోనే తిప్పి పంపేస్తారు. నాలుగు అంకెలు అడగండి. పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్లెంతమంది, వాళ్లలో వైరల్ లోడ్ అయినవాళ్లెంతమంది, మందు మొదలుపెట్టినవాళ్లెంతమంది, మందు ముగిసిన పన్నెండు వారాలకు వైరస్ లేదని తేలినవాళ్లెంతమంది. ఆ నాలుగింటినీ ప్రతి జిల్లా ఏటా బయటపెట్టాలి. ఏ మెట్టు దగ్గర మనుషులు రాలిపోతున్నారో అక్కడికి డబ్బు పంపాలి.

వదిన: ఇది నేను సంతకం పెట్టగల పద్దు. దానికి ప్రైవేటు ఆస్పత్రుల్ని, బ్లడ్ బ్యాంకుల్ని, గల్ఫ్ మెడికల్ సెంటర్లను కూడా కట్టేయాలి. పాజిటివ్ వచ్చిన మనిషి సమ్మతితో జిల్లా ఆస్పత్రికి సమాచారం అందాలి. అయినా ఊరూరా శిబిరాలు పెట్టడానికి మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.

డాక్టరు: నేనూ అడగడం లేదు. జిల్లాకు ఒక మనిషిని అడుగుతున్నాను. ఏడాదికోసారి కాంట్రాక్టు ముగిసిపోతుందని భయపడని ఉద్యోగిని. పాజిటివ్ కాగితం పట్టుకుని ఇంటికెళ్లిపోయినవాళ్లకు ఫోన్ చేసి, రాకపోతే ఇంటికెళ్లి, ఆస్పత్రికి తెచ్చి, పన్నెండు వారాలు మాత్రలు వేసుకునేలా చూసే మనిషిని. 2030 నాటికి కొత్తగా సోకేవాళ్లను 90 శాతం, చావులను 65 శాతం తగ్గించాలని ప్రపంచ దేశాలు పెట్టుకున్న లక్ష్యం ఉంది. మన దగ్గర మందుకు కొరత లేదు, యంత్రానికి కొరత లేదు. ఆ ఒక్క మనిషికి జీతం ఇవ్వడం దగ్గర ఆగిపోతే, ఇక మనం లక్ష్యమన్న మాట ఎత్తకూడదు.